సరస్సు పక్కన ఆర్వీలో ఏడు రాత్రులు

జూన్ చివర్లో ఆర్వీ, అంటే లోపలే పడుకుని వండుకునే ఇల్లులాంటి బండి, అద్దెకు తీసుకుని అమెరికాలోని గ్రాండ్ టీటన్, ఎల్లోస్టోన్ నేషనల్ పార్కులు చూసొచ్చాం. మేమిద్దరం, పిల్లలిద్దరు, ఇండియా నుంచి వచ్చిన మా అత్తయ్య. ఏడు రాత్రులు, మూడు ఆర్వీ పార్కులు (ఇలాంటి బళ్ళు నిలుపుకుని ఉండే చోట్లు), మూడూ సరస్సు పక్కనే. నీళ్ళకి అన్నిటికన్నా దగ్గరగా ఉన్న పార్కే మమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టింది, కిటికీలోంచి సరస్సు అసలు కనబడని పార్కుకే మళ్ళీ వెళ్ళాలని ఉంది. నేను బుక్ చేసేటప్పుడు ఫొటోలు తప్ప ఇంకేం చూడలేదు కాబట్టి, ఏం చూడాలో కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదటి రెండు రాత్రులు దారిలో ఒక ప్రైవేటు పార్కులో ఉన్నాం, పేరు రాయను. ఫొటోల్లో చూపించినట్టే ఉంది, అందులో మోసం లేదు. తలుపు తీస్తే ఇరవై అడుగుల్లో నీళ్ళు. కానీ ఒడ్డు కదా, నేల నీళ్ళవైపు వాలి ఉంది. ముందు చక్రాల కింద పెట్టే దిమ్మెలన్నీ పెట్టినా బండి సమంగా నిలబడలేదు. ఇది పడుకోవడానికి మాత్రమే ఇబ్బంది అనుకున్నాం, కానీ మా బండిలో ఉన్నది గ్యాస్‌తోనూ కరెంటుతోనూ పనిచేసే రకం ఫ్రిజ్, బండి ఒరిగి ఉంటే అది సరిగ్గా చల్లబడదు, అలాగే వదిలేస్తే పాడయ్యే ప్రమాదం కూడా ఉంది. రాత్రంతా అత్తయ్య మంచం చివరికి జారిపోతూనే ఉన్నారు, పాపం ఒక్క మాట అనలేదు.

తర్వాత కరెంటు. సైట్లలో, అంటే ఒక్కో బండి నిలిపే జాగాలో, రెండు రకాల ప్లగ్గులు ఉంటాయి. 30 ఆంప్స్ అంటే మూడు పిన్నులు, 120 వోల్టులు, అంటే మొత్తం 3,600 వాట్లు. 50 ఆంప్స్‌కి నాలుగు పిన్నులు, రెండు లైన్లు కలిపి 12,000 వాట్ల దాకా వస్తుంది. మాది 30 ఆంప్స్ బండి. ఏసీ, మైక్రోవేవ్, వాటర్ హీటర్ మూడూ ఒకేసారి వేస్తే బ్రేకర్ పడిపోవడం మామూలే, అది మనం చూసుకోవాలి. కానీ ఇక్కడ ఒక్క ఏసీ వేసినా పడిపోయింది, ప్లగ్గు పట్టుకుంటే వేడిగా ఉంది. సాకెట్ అరిగిపోయి లూజుగా ఉందన్నమాట. అది చిన్న విషయం కాదు, అలా వదిలేస్తే ప్లగ్గు కాలిపోతుంది. ఆఫీసుకి వెళ్ళి చెబితే అక్కడ పనిచేసే అబ్బాయి వెంటనే వచ్చి పక్క సైటు కరెంటు స్తంభానికి మార్చాడు, అతనికి నా కృతజ్ఞతలు. కానీ అద్దెకిచ్చే ముందే చూసుకోవాల్సిన పని అది.

ఇక బండిలోని మురుగునీళ్ళు బయటికి వదిలే సీవర్ గొట్టం సంగతి. నేలలో ఉన్న పైపు మూతి మా బండి వాల్వు కన్నా ఎత్తులో ఉంది. నీళ్ళు ఎత్తుకి పారవు కదా! మా ఆయన గొట్టాన్ని చేత్తో కొంచెం కొంచెంగా ఎత్తుతూ ఖాళీ చేశారు, అరగంట పట్టింది. తెల్లవారుజామున ఐదింటికే పక్కన పడవలు దింపే ట్రక్కుల చప్పుడు మొదలైంది. రెండో రోజు సాయంత్రం మాత్రం నీళ్ళు అద్దంలా ఉన్నాయి, పిల్లలు కాళ్ళు తడుపుకుంటూ కూర్చున్నారు. ఆ గంట కోసం ఎవరైనా వెళ్తానంటే కాదనను, ముసలివాళ్ళు వెంట ఉంటే మాత్రం వద్దంటాను.

తర్వాత రెండు రాత్రులు గ్రాండ్ టీటన్‌లోని కోల్టర్ బే. జాక్సన్ సరస్సు ఒడ్డున పైన్ చెట్ల మధ్య ఉంటుంది. నీళ్ళు, కరెంటు, సీవర్ మూడూ ఉన్నాయి, సైట్లు ఒక వైపు నుంచి లోపలికి వెళ్ళి ఇంకో వైపు నుంచి బయటికి వచ్చేలా ఉన్నాయి. పెద్ద బండి వెనక్కి తోలడం రానివాళ్ళకి ఇది ఎంత మేలో అక్కడికి వెళ్ళాకే అర్థమైంది. స్నానాల గదులు, బట్టలు ఉతుక్కునే చోటు దగ్గరే. ఆర్వీలో వేడినీళ్ళు తక్కువ, ఐదుగురికి చాలవు, కాబట్టి ఈ రెండూ దగ్గర్లో ఉండటం నా లెక్కలో సరస్సు కనబడటం కన్నా ముఖ్యం. ఒడ్డుకి నడిచి వెళ్ళొచ్చు. సాయంత్రం ఎదురుగా మొరాన్ శిఖరం, 12,600 అడుగుల పైనే ఎత్తు, మంచు ఇంకా కరగలేదు, దాని వెనక్కి సూర్యుడు దిగుతుంటే అత్తయ్య దణ్ణం పెట్టుకున్నారు.

పక్క సైటులో ఏడాదంతా ఆర్వీలోనే ఉండే ఒక పెద్ద దంపతులు పరిచయమయ్యారు. ముందు టాయిలెట్ ట్యాంకు ఖాళీ చేసి, తర్వాత సింకు, స్నానం నీళ్ళ ట్యాంకు వదలాలని, అప్పుడు ఆ సబ్బునీళ్ళే గొట్టాన్ని కడిగేస్తాయని వాళ్ళే చెప్పారు. సైటులో గొట్టం వేసే ఉంది కదా అని టాయిలెట్ వాల్వు ఎప్పుడూ తెరిచి ఉంచకూడదట. నీళ్ళన్నీ పోయి ట్యాంకు అడుగున మురికి గట్టిపడిపోతుంది. బండి ఇచ్చినవాళ్ళు పది నిమిషాల్లో తాళాలు చేతిలో పెట్టి పంపేశారు, ఇవేవీ చెప్పలేదు.

చివరి మూడు రాత్రులు ఎల్లోస్టోన్‌లో ఫిషింగ్ బ్రిడ్జి ఆర్వీ పార్కు. ఆ నేషనల్ పార్కు మొత్తంలో మూడు కనెక్షన్లూ ఉన్నది ఇదొక్కటే, అందుకే చాలా ముందుగా బుక్ చేసుకోవాలి. ఇక్కడ గుడారాలు, గుడ్డ గోడలున్న ట్రెయిలర్లు ఒప్పుకోరు, గట్టి గోడలున్న బళ్ళే రావాలి. కారణం గ్రిజ్లీ ఎలుగుబంట్లు, ఆ చుట్టుపక్కల బాగా తిరుగుతాయి. తినే వస్తువు ఏదీ బయట వదలకూడదు, ఐసు వేసి తిండి దాచుకునే కూలర్ డబ్బా ఖాళీగా ఉన్నా సరే. ఎలుగులకి, తోడేళ్ళకి కనీసం 100 గజాలు, అడవిదున్నలకి 25 గజాలు దూరం ఉండాలి. ఆ మాట విని అత్తయ్యకి మొదటి రాత్రి చాలా టెన్షన్, కిటికీ తెర కొంచెం కూడా తీయనివ్వలేదు. ఎలుగు రాలేదు, పొద్దున్నే రోడ్డు మీద దున్న మాత్రం కనబడింది.

సైట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, చుట్టూ చెట్లు, సరస్సు కనబడదు. నేల మాత్రం సమంగా ఉంది, కరెంటు ఒక్కసారి కూడా పోలేదు, మూడు రాత్రులూ అందరం ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాం. పొద్దున కాస్త నడిస్తే వంతెన. సరస్సులోంచి ఎల్లోస్టోన్ నది బయటికి వచ్చేది అక్కడే. ఇప్పుడున్న వంతెన 1937లో కట్టింది. పేరు ఫిషింగ్ బ్రిడ్జి అయినా 1973 నుంచి దాని మీద చేపలు పట్టడం నిషేధం, అక్కడ గుడ్లు పెట్టే కట్‌త్రోట్ ట్రౌట్ చేపలు తగ్గిపోయాయని ఆపేశారు. బయటినుంచి ఎవరో తెచ్చి వదిలిన లేక్ ట్రౌట్ 1994లో ఈ సరస్సులో బయటపడింది, అది వీటిని తినేస్తుంది. మా పెద్దవాడు కమ్మీ మీదనుంచి వంగి నీళ్ళలోకి చూస్తూ పన్నెండు చేపలు లెక్కపెట్టాడు. అక్కడున్న పాత మ్యూజియం వెనక్కి వెళితే నేరుగా ఒడ్డు, మాకు ఆ పొద్దున మనుషులే లేరు.

చలి సంగతి తప్పక చెప్పాలి. ఈ సరస్సు 7,700 అడుగుల పైన ఉంది, మంచు మే చివర్లోనో జూన్ మొదట్లోనో గానీ కరగదు. ఈత ఆలోచన పెట్టుకోవద్దు, ఆ చల్లదనానికి ఒళ్ళు కొయ్యబారిపోయి ప్రాణం మీదికి వస్తుంది. జూన్‌లో కూడా కొన్ని రాత్రులు నీళ్ళు గడ్డకట్టేంత చలి ఉంటుంది కాబట్టి పడుకునే ముందు నీళ్ళ గొట్టం విప్పేసి, ట్యాంకులో నింపుకున్న నీళ్ళు వాడుకున్నాం. దోమలు కూడా ఎక్కువే, పొడుగు చేతుల చొక్కాలు పెట్టుకోండి.

ఇప్పుడైతే బుక్ చేసే ముందు ఫోన్ చేసి అడుగుతాను: నేల సమంగా ఉందా, ఎన్ని ఆంప్స్, సీవర్ మూతి ఎత్తు ఎంత, పడవల రేవు ఎంత దూరం, స్నానాల గదులు ఎక్కడ. సరస్సు ఎన్ని అడుగులని చివర్లో అడుగుతాను. వచ్చే జూన్‌కి ఫిషింగ్ బ్రిడ్జిలో నాలుగు రాత్రులు కావాలని ఇప్పటినుంచే చూస్తున్నాం, అత్తయ్య ఈసారి మామయ్యగారిని కూడా తీసుకొస్తానన్నారు.