ఊరి చివర ఇల్లా, ఉన్నచోటే ఇల్లా?

నెల్లూరు సంతపేట, మూలాపేట సందుల్లో పాత పెంకుటిళ్లు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కడుతున్నారు. స్థలం అమ్మిన యజమానికి డబ్బు చేతికొస్తుంది. ఏళ్ల తరబడి అద్దెకున్నవాళ్లు మాత్రం సామాను సర్దుకోవాలి.

వాళ్లకు ఒక దారి, ఊరి చివర అల్లీపురం, వెంకటేశ్వరపురం వైపు ప్రభుత్వ సంస్థ టిడ్కో పేదల కోసం కట్టిన ఇళ్లు. 300, 365, 430 చదరపు అడుగులు. గట్టి శ్లాబు, సొంత మరుగుదొడ్డి, ఖాళీ చేయమనేవారు ఉండరు. అద్దె ఇంట్లో బతికినవాళ్లకే తెలుస్తుంది ఆ నిశ్చింత విలువ. కానీ మా వీధి చివర ఇడ్లీ బండి పెట్టే ఆమెను చూడండి. తెల్లవారకముందే పిండి గిన్నె చంకనెత్తుకుని పది అడుగులు నడిస్తే బండి. కొబ్బరి తక్కువైతే పక్కింటివాళ్లు ఇస్తారు. అల్లీపురంలో మూడో అంతస్తు నుంచి ఆ గిన్నె దించి, ఆటోలో తేవాలంటే రోజు లాభంలో ఎంత మిగులుతుంది?

రెండోది, ఉన్నచోటే కట్టడం. 2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకంలో మురికివాడ స్థలంలోనే ఇళ్లు కట్టే పద్ధతి ఉండేది. ఇంటికి కేంద్రం లక్ష రూపాయలు ఇచ్చేలా పెట్టారు. నగరం నడిబొడ్డున భూమి ఖరీదెక్కువ, కట్టేదాకా తలదాచుకోవడం కష్టం, నిజమే. అయినా నేను దీన్నే కోరతాను. పాత కాలనీల్లో కొత్త భవనాలకు అనుమతిచ్చేటప్పుడే కొన్ని చిన్న ఇళ్లు తక్కువ అద్దెకు కేటాయించాలని షరతు పెట్టాలి. అప్పుడు ఆ ఇడ్లీ బండి అక్కడే ఉంటుంది.