మంచు పొరలకు పికారో ఎల్2130-ఐ: కొలత బాగుంది, 'మెమరీ'తోనే జాగ్రత్త

హిమానీనదం మీద 2 మీటర్ల గుంత తవ్వి 5 సెంటీమీటర్లకొక నమూనా తీస్తే 40 సీసాలవుతాయి. ఆ నీళ్లలో ఆక్సిజన్-18, డ్యుటీరియం (ఆక్సిజన్, హైడ్రోజన్‌ల బరువు రూపాలు, అంటే బరువు ఐసోటోపులు) రెండూ ఒకే దఫాలో తేల్చేస్తుంది ఈ లేజర్ యంత్రం. అణువులను బరువును బట్టి వేరుచేసే మాస్ స్పెక్ట్రోమీటర్‌తో అయితే ఆక్సిజన్‌కి కార్బన్ డయాక్సైడ్‌తో ఒకసారి, హైడ్రోజన్‌కి ప్లాటినం పెట్టి మరోసారి సమతౌల్యం (నీటి ఐసోటోపులు వాయువులోకి చేరేదాకా ఆగడం) చేయాలి. మొక్కల నీళ్లలోని ఆల్కహాల్ లాంటివి లేజర్ కొలతను చెడగొడతాయి. మంచులో ఆ బెడద దాదాపు ఉండదు.

చిక్కంతా నీటిని ఆవిరి చేసే వేపరైజర్‌లో మిగిలే పాత నమూనా తడితోనే. దీన్నే మెమరీ అంటాం. పక్కపక్క పొరల మధ్య ఆక్సిజన్-18 విలువ 10 పర్ మిల్ (వెయ్యికి 10 వంతులు) మారితే డ్యుటీరియం దాదాపు 80 మారుతుంది. పైగా డ్యుటీరియానికి మెమరీ ఎక్కువ. పాత నీటి ప్రభావం ఆక్సిజన్‌లో 1 శాతం, డ్యుటీరియంలో 2 శాతం మిగిలిందనుకోండి: తప్పు 0.1, 1.6. డ్యుటీరియం ఎక్సెస్ (డ్యుటీరియం విలువలోంచి ఆక్సిజన్-18 విలువకి 8 రెట్లు తీసేస్తే వచ్చేది) 0.8 పక్కకి పోతుంది. అంతకన్నా ప్రమాదం, పొర అంచు పదును పోతుంది. ఎండకి కరిగిన నీళ్లు కిందికి ఇంకినా గ్రాఫ్ ఇలాగే కనిపిస్తుంది. యంత్రం తప్పు హిమానీనదం ఖాతాలో పడుతుంది.

సీసాకి 6 ఇంజెక్షన్లు (సిరంజితో నీటి చుక్క ఎక్కించడం), అందులో మొదటి 3 వదిలేయడం మామూలు పద్ధతి. మంచుకి అది చాలదు. 10 పెట్టి చివరి 3 తీసుకోండి. ఇంజెక్షన్‌కి సుమారు 9 నిమిషాలు, అంటే 40 సీసాలకి 60 గంటలు, స్టాండర్డులు (విలువ ముందే తెలిసిన పోలిక నీళ్లు) కాక. అనుమానం వచ్చిన అంచుని కింది నుంచి పైకి, తలకిందుల వరుసలో మళ్లీ నడపండి. అంచు జరిగితే అది మెమరీ. ఉన్నచోటే ఉంటే ఆ మార్పు మంచులోనిదే.

యంత్రంలో ఆవిరి గాఢత 20,000 పీపీఎం (పది లక్షల్లో 20,000 భాగాలు) దగ్గర నిలకడగా ఉండాలి. ఇంజెక్షన్ ఇంజెక్షన్‌కీ తగ్గుతోందంటే ముందు సిరంజి చూడండి. మంచులోని ధూళికి పిస్టన్ బిగుసుకుంటుంది. 0.45 మైక్రాన్ ఫిల్టర్ తప్పనిసరి. సిరంజి బాగానే ఉంటే సెప్టం (సూది దూరే రబ్బరు బిళ్ల) మార్చండి. సూది గుచ్చీ గుచ్చీ రబ్బరు తునకలు లోపల రాలతాయి. గాలిని ఆరబెట్టే నీలం గుళికలు గులాబీ రంగుకి తిరిగితే అప్పుడే మార్చేయాలి.

ఏ యంత్రమూ సరిచేయలేనిది కరిగించడంలో చేసిన తప్పు. మంచు నమూనా ఉన్న సంచి మూతి బిగించి, గది వేడిలో పూర్తిగా కరిగేదాకా ఆగి, బాగా కలిపాకే సీసాలో మెడదాకా నింపాలి. మొదట కరిగిన నీళ్లలో బరువు ఐసోటోపులు తక్కువ. సగం కరిగినప్పుడే వంచితే ఆ విలువ పొరది కాదు.