రెండు రోజుల టీమ్ వర్క్‌షాప్: రెండో రోజు కోసమే నాలుగు స్టార్లు

మా సాఫ్ట్‌వేర్ టీమ్‌లో పదకొండు మందిమి. ఈ మధ్య రిలీజులు లేటవుతున్నాయని ఆఫీసు వాళ్ళు ఒక ట్రైనింగ్ కంపెనీతో రెండు రోజుల వర్క్‌షాప్ పెట్టించారు, మీ ఆఫీసులో కూడా పెట్టించాలనుకుంటుంటే పనికొస్తుందని రాస్తున్నా.

మొదటి రోజు పొద్దున అంతా స్లైడ్లే. 1965లో బ్రూస్ టక్‌మన్ అనే సైకాలజిస్ట్ చెప్పిన దశలు, అంటే టీమ్ ఏర్పడటం, గొడవలు పడటం, కుదురుకోవడం, ఆ తర్వాతే పని ఊపందుకోవడం. తెలిసిందే అనుకున్నా గానీ మాకు ముగ్గురు కొత్తవాళ్ళు వచ్చాకే కదా ఈ చిరాకులన్నీ మొదలైంది అని అప్పుడు తట్టింది. తర్వాత స్వభావాన్ని బట్టి ఎవరు ఏ రంగు మనిషో తేల్చే ఒక ప్రశ్నల షీట్ ఇచ్చారు, అది నాకు అస్సలు నచ్చలేదు, మనుషులకి లేబుల్ అంటించడం తప్ప ఇంకేం లేదు అందులో.

మధ్యాహ్నం మాత్రం బోర్డు మీద మనిషికొకటి చొప్పున పదకొండు చుక్కలు పెట్టి, మాట్లాడుకోవాల్సిన ప్రతి ఇద్దరి మధ్యా ఒక గీత గీయమన్నారు. గీసి గీసి లెక్కపెడితే 55 వచ్చాయి, బోర్డంతా సాలెగూడు అయిపోయింది. అదే ఆరుగురు, ఐదుగురుగా విడదీసి గీస్తే 15, 10, మొత్తం 25. మా మీటింగుల్లో ఎందుకు ఏదీ తేలదో ఆ బోర్డు చూశాక అర్థమైంది, తర్వాతి వారమే టీమ్‌ని రెండుగా చేశాం.

ఇక రెండో రోజు. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే హార్వర్డ్ ప్రొఫెసర్ హాస్పిటల్ టీముల మీద చేసిన స్టడీ చెప్పారు. మంచి టీముల్లో మందుల పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుని వెళ్తే లెక్కల్లో ఎక్కువ కనిపించాయంట, ఎందుకంటే వాళ్ళు దాచకుండా బయటికి చెప్తున్నారు. గూగుల్ వాళ్ళు 180 దాకా టీముల్ని చూసినప్పుడు కూడా భయం లేకుండా మాట్లాడగలగడమే అన్నిటికన్నా ముందు నిలిచింది. ఇది చెప్పి ఊరుకోలేదు, తెలిసి కూడా చెప్పకుండా దాచిన విషయం ఒకటి కార్డు మీద రాయమన్నారు, ఇష్టమైతేనే పైకి చదవాలి. మా టెస్టింగ్ అమ్మాయి లేచి, "పోయిన రిలీజ్‌కి రెండు రోజుల ముందే నాకు డౌటొచ్చింది, ఇది కూడా తెలీదా అంటారని అడగలేదు" అని చదివింది. రూమంతా సైలెంట్. మా మేనేజర్ కాసేపు తలొంచుకుని కూర్చుని, "నిజమేనమ్మా, అడిగుంటే నేను అలాగే అనేవాణ్ణి" అన్నారు. ట్రైనర్ గారు మధ్యలో ఒక్క మాట కూడా మాట్లాడలేదు, అలా ఆగడం తెలిసిన మనిషి దొరకడం మా అదృష్టం. ఇప్పుడు ప్రతి రిలీజ్ ముందు "ఎవరికైనా డౌట్ ఉందా" అని మా మేనేజరే అందర్నీ ఒక్కొక్కరిగా అడుగుతున్నారు, మొన్న అలా అడిగితేనే ఒక పెద్ద బగ్ బయటపడింది.

మేనేజర్ రాకుండా కేవలం స్టాఫ్‌ని పంపే ఉద్దేశం ఉంటే మాత్రం దీనికి డబ్బులు పెట్టకండి, ఆ కార్డులు ఆయన వినకపోతే ఏం లాభం.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, నెల తర్వాత ఫాలోఅప్ కాల్ ఉంటుందన్నారు. రెండుసార్లు మెయిల్ పెట్టాను, ఇప్పటిదాకా రిప్లై లేదు, మాకు అడగాల్సినవి చాలానే ఉన్నాయి.