అమెరికాలో ప్రీ-మెడ్: నాలుగేళ్లు చదివాక నా సమీక్ష

ప్రీ-మెడ్ అంటే మెడికల్ కాలేజీలో చేరడానికి ముందు డిగ్రీలో చేసే సన్నాహం; ఆ పేరుతో చేతికి పట్టా ఏదీ రాదు. బయాలజీ, జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్ ల్యాబులతో సహా తలా ఒక ఏడాది, ఆపైన బయోకెమిస్ట్రీ. మెడికల్ కాలేజీలు సాధారణంగా అడిగే ఈ కోర్సులను, మేజర్ (డిగ్రీలో ప్రధాన విషయం) ఏదైనా సరే, దానితోపాటు పూర్తిచేయాలి. నేను ఒక స్టేట్ యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ మేజర్‌గా ఈ దారిలో చదివాను. డాక్టరు కావాలనుకునేవారు చరిత్రో సంగీతమో కూడా చదువుకోగల ఈ వెసులుబాటు నాకు అన్నిటికన్నా నచ్చింది.

నీట్ ర్యాంకు లెక్కకు అలవాటుపడిన మన ఇళ్లలో ఎంక్యాట్ అనే మెడికల్ ప్రవేశ పరీక్ష గట్టెక్కితే చాలనుకుంటారు గాని, ఇక్కడ మొదటి సెమిస్టర్ నుంచి ప్రతి గ్రేడూ వెంట వస్తుంది. చాలా మెడికల్ కాలేజీలకు దరఖాస్తులు చేర్చే ఉమ్మడి సేవ ఏఎంసీఏఎస్, ఒక కోర్సును మళ్లీ చదివినా పాత గ్రేడును తీసివేయకుండా రెండింటినీ లెక్కిస్తుంది. బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, గణితాలకు విడిగా జీపీఏ (గ్రేడ్ల సగటు) కడుతుంది. స్టాటిస్టిక్స్ కోర్సులు గణితం కిందికే వస్తాయి కాబట్టి నా మేజర్ నాకు కలిసొచ్చింది. ఆర్గానిక్ కెమిస్ట్రీలో మాత్రం, పక్కవాడి మార్కును బట్టి నా గ్రేడు మారే పద్ధతి వల్ల, కలిసి చదువుకోవలసినవాళ్లు నోట్సు దాచుకునేవారు. రోగిని నలుగురు కలిసి చూడవలసిన వృత్తికి ఇదేం తర్ఫీదో నాకు నేటికీ అర్థం కాదు.

ఎంక్యాట్ స్కోరు 472 నుంచి 528 వరకు ఉంటుంది. అందులో 90 నిమిషాల్లో 53 ప్రశ్నలుండే క్యార్స్ అనే పఠనావగాహన విభాగంలో బట్టీ ఏమాత్రం అక్కరకు రాదు, ఎందుకంటే జవాబుకు ఆధారం ఇచ్చిన వ్యాసంలోనే ఉంటుంది. దానికి కోచింగ్ పుస్తకాలకన్నా ఫిలాసఫీ క్లాసులో చదివిన వ్యాసాలే నాకు ఎక్కువ ఉపయోగపడ్డాయి.

షాడోయింగ్, అంటే డాక్టరు వెంట ఉండి పని గమనించడం, సంగతికొస్తే, మేనమామో పిన్నో డాక్టరైన పిల్లలకు ఒక్క ఫోనుతో పని అవుతుంది. మిగతావారు క్లినిక్కుల చుట్టూ తిరగాలి.

హెచ్-4 వీసా (హెచ్-1బీ ఉద్యోగుల భార్య లేదా భర్తకు, పిల్లలకు ఇచ్చేది) మీద ఉన్న కుటుంబాలు ఈ దారి పట్టేముందే ఒక విషయం చూసుకోవాలి. చాలా మెడికల్ కాలేజీలు పౌరులను, గ్రీన్‌కార్డు ఉన్నవారిని తప్ప తీసుకోవు. పైగా పిల్లలకు 21 ఏళ్లు నిండితే హెచ్-4 చెల్లదు, దరఖాస్తులు పెట్టేది ఇంచుమించు ఆ వయసులోనే.