హెర్నియా, కుట్ల మచ్చలకు వీఏ రేటింగ్: రెండు పద్ధతులూ వాడి చూశాక

అమెరికా సైన్యంలో పనిచేసినవాళ్ల హెర్నియాకు వెటరన్స్ అఫైర్స్ శాఖ, అందరూ వీఏ అనేది, రేటింగ్ (పరిహారం తేల్చే వైకల్య శాతం) ఇచ్చే పద్ధతి 2024 మే 19న మారింది. పాతదానితోనూ కొత్తదానితోనూ క్లెయిములు నడిపాక నా మాట ఒకటే. హెర్నియా కోడ్ స్పష్టమైనదే గానీ చెయ్యి బిగువు. ఆపరేషన్ అయినవాళ్లను నిజంగా ఆదుకునేది మచ్చల కోడ్. చాలామంది దాన్ని అడగనే అడగరు.

గజ్జల్లోది, బొడ్డు దగ్గరిది, పాత కోత మీద లేచింది, అన్నీ ఇప్పుడు రేటింగ్ పట్టికలో కోడ్ 7338 కిందికే వస్తాయి. ఆపరేషన్‌తో సరైపోయి బాధ లేకపోతే సున్నా. శాతం రావాలంటే అది ఇక బాగుచేయడానికి వీల్లేని హెర్నియా అయ్యుండాలి, వచ్చి కనీసం 12 నెలలు నిండాలి. 3 సెంటీమీటర్ల లోపైతే 10 శాతం. ఆపైన 15 లోపు ఉంటే నొప్పి ఎప్పుడొస్తుందో చూస్తారు: వంగినప్పుడు, నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు, స్నానం, బట్టలు వేసుకోవడం లాంటి రోజువారీ పనుల్లో. ఒకదాంట్లో ఉంటే 20, రెండింట్లో ఉంటే 30. 15 సెంటీమీటర్లు, అంతకు మించితే రెండింటికి 60, మూడింటికి 100.

దెబ్బతినేది ఇక్కడే. డాక్టరు "నొప్పి ఉంది" అని రాసి వదిలేస్తాడు. కొలత ఉండదు, ఏ పనిలో నొప్పో ఉండదు. మళ్లీ ఆపరేషన్ ఎందుకు కుదరదో (మెష్, అంటే లోపల కుట్టే వల, రెండుసార్లు విఫలమైంది, గుండె జబ్బు వల్ల మత్తు ఇవ్వలేరు) సర్జన్ చేత కారణంతో సహా రాయించుకోవాలి. ఆ వాక్యం లేని ఫైలు సున్నా దగ్గరే ఆగిపోతుంది. పాత పద్ధతిలో హెర్నియాను బెల్టు ఆపుతోందా లేదా అన్నది ముఖ్యం. కొత్తదాంట్లో బెల్టు ఊసే లేదు.

ఇక మచ్చలు, కోడ్ 7804. నొప్పి ఉన్నవి, పైచర్మం తరచూ ఊడేవి లెక్కలోకి వస్తాయి. ఒకటి రెండుంటే 10, మూడు నాలుగుంటే 20, ఐదు, అంతకు మించి ఉంటే 30. ఒకే మచ్చకు రెండు లక్షణాలూ ఉంటే మరో 10 కలుస్తుంది. పొడవుతో పని లేదు. అందుకే గజ్జలో ఒక్క పొడవాటి కోతకు 10 వస్తే, లాపరోస్కోపీ మూడు చిన్న రంధ్రాలూ నొప్పి పెడితే 20 వస్తుంది. బొడ్డు మడతలో ఉన్న మచ్చ పరీక్షలో కంటికి ఆనదు. వేలు పెట్టి చూపించండి, ఒక్కోదాన్ని విడిగా నొక్కి చూడమనండి. నొప్పి లేనిదాన్ని మాత్రం చేర్చకండి.

గజ్జ నుంచి తొడలోకి పాకే మంట నరానిది, కోడ్ 8530. తీవ్రంగా ఉంటేనే 10, అదే దాని గరిష్ఠం. ఒకే నొప్పికి రెండుచోట్ల రేటింగ్ ఇవ్వరు కాబట్టి మచ్చ నొప్పి వేరు, నరం మంట వేరు అని రిపోర్టులో తేలాలి.

శాతాలు నేరుగా కూడరు, రెండోదాన్ని మిగిలిన దాంట్లోంచి లెక్కిస్తారు: 20, 20 కలిస్తే (20 పోగా మిగిలిన 80లో 20 శాతం 16) 36, దాన్ని 40 చేస్తారు. సర్వీసు వల్ల వచ్చిందని ఒప్పుకున్న హెర్నియాకు ఆపరేషనై కనీసం నెల విశ్రాంతి అవసరమైతే తాత్కాలికంగా 100 శాతం ఇస్తారు. డిశ్చార్జి కాగితంలో ఎన్ని వారాలో రాయించుకోండి. రూలు మారిందన్న ఒక్క కారణంతో పాత రేటింగ్ తగ్గించరు. కొలత లేక క్లెయిమ్ పోతే ఫారం 20-0996తో పైఅధికారి సమీక్షకు వెళ్లకండి, అక్కడ కొత్త కాగితం తీసుకోరు. కొలత రాయించుకుని, కొత్త ఆధారం తీసుకునే ఫారం 20-0995 వేయండి.