ప్యాడా, లెవర్‌లెస్సా: వేళ్లకు ఏది బాగా పట్టుబడుతుంది?

ఫైటింగ్ గేమ్ కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను ముందు ప్యాడే, అంటే రెండు చేతులతో పట్టుకునే మామూలు గేమ్ కంట్రోలరే చెబుతాను. చాలామందికి అది ముందే చేతికి అలవాటైన వస్తువు, బటన్ల కోసం వేళ్లు వెతుక్కోవు. 2014లో ఇవో అనే పెద్ద ఫైటింగ్ గేమ్ టోర్నమెంట్‌లో ఫ్రాన్స్ ఆటగాడు లఫీ అల్ట్రా స్ట్రీట్ ఫైటర్ 4 టైటిల్ గెలిచింది పాత ప్లేస్టేషన్ 1 ప్యాడ్‌తోనే. చిక్కల్లా ఎడమ బొటనవేలితో. దిశలన్నీ అదొక్కటే చూసుకోవాలి, గంటల తరబడి ఆడితే నొప్పి పుడుతుంది.

లెవర్‌లెస్ అంటే స్టిక్ లేకుండా అన్నీ బటన్లే ఉండే కంట్రోలర్, అందులో ఒక్కో దిశకు ఒక్కో బటన్. స్ట్రీట్ ఫైటర్‌లో పైకి ఎగురుతూ కొట్టే షోర్యుకెన్ దెబ్బనే తీసుకోండి: ముందుకు, కిందికి, ఆ రెండింటి మధ్య మూలకు, దాంతోపాటు పంచ్. ప్యాడ్ మీద బొటనవేలు జారుతూ వెళ్లాలి, ఎక్కడ తప్పిందో తెలియదు. లెవర్‌లెస్‌లో ముందుకు నొక్కి వదిలి, కిందికి నొక్కి పట్టుకుని, మళ్లీ ముందుకు నొక్కుతూ పంచ్ కొడితే సరి. రాకపోతే ఏ వేలు తొందరపడిందో పట్టుకోవచ్చు, ఆ ఒక్కదాన్నే దిద్దుకోవచ్చు. సెకనుకు 60 ఫ్రేములు నడిచే ఆటలో ఇది చాలా పెద్ద సాయం.

కాకపోతే జంప్ బటన్ సాధారణంగా బొటనవేలి కింద ఉంటుంది. మొదటి వారాల్లో మ్యాచ్ టెన్షన్ మొదలవగానే వేళ్లు తడబడతాయి. అందుకే తెరమీద మీ పాత్ర ఎడమవైపు ఉన్నప్పుడు ఆ దెబ్బ పదిసార్లు వరసగా, నిదానంగా వచ్చాకే కుడివైపు మొదలుపెట్టండి. ప్యాడ్‌తో నొప్పి లేనివాళ్లు మారాల్సిన పనే లేదు.