నాలుగేళ్లుగా కీబోర్డును కంప్యూటర్‌కి తగిలించి రికార్డు చేస్తున్నాను: పనికొచ్చినవి, దండగైనవి

మా చర్చి క్వయర్‌కి ప్రాక్టీస్ ట్రాకులు పంపడం కోసం మొదలైన పని ఇది. శనివారం రిహార్సల్‌కి సగం మంది రారు. ట్రాక్ వాట్సాప్‌లో పెడితే బస్సులో వింటూ నేర్చుకుని వస్తారు. మొదట్లో ఫోన్‌ని కీబోర్డు స్పీకర్ పక్కన పెట్టి రికార్డు చేసేవాణ్ని. అందులో నా వాయింపు కంటే కీల టకటక, ఫ్యాను హోరు, వంటింట్లో కుక్కర్ బాగా వినపడేవి. ఒక ట్రాక్‌లో పల్లవి అయ్యేసరికి రెండు విజిళ్లు, చరణంలో మూడోది. క్వయర్ పిల్లలు ఇప్పటికీ ఆ పాటలో సరిగ్గా అక్కడికి రాగానే నోటితో విజిల్ వేస్తారు.

నా దగ్గరున్నవి 61 కీల కీబోర్డు, ఒక పాత డెస్క్‌టాప్. కీబోర్డు హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి వైరు లాగి కంప్యూటర్ వెనక గులాబీ రంగు సాకెట్‌లో గుచ్చాను. పియానో కాస్తా రేకు డబ్బా అయిపోయింది. ఆర్నెల్లు కీబోర్డునే తిట్టుకున్నాను. పాపం, దాని తప్పేం లేదు. గులాబీది మైక్ సాకెట్. మైక్ నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని అది పెంచుతుంది. కీబోర్డు నుంచి వచ్చేది అసలే గట్టి సిగ్నల్, దాన్ని ఇంకా పెంచితే శబ్దం పగిలిపోతుంది. అంగుళం పక్కనే నీలం సాకెట్ ఉంది, లైన్ ఇన్. అందులోకి మార్చగానే కుడి ఎడమలు విడివిడిగా, శుభ్రంగా వచ్చాయి. పిన్ గుచ్చితే కీబోర్డు స్పీకర్లు ఆగిపోతాయి కాబట్టి రెండుగా చీలే పిన్ కొని ఒకటి కంప్యూటర్‌కి, ఒకటి నా హెడ్‌ఫోన్స్‌కి ఇచ్చాను. కీబోర్డు వాల్యూమ్ ముప్పావు దగ్గర ఉంచి, ఆడాసిటీ అనే ఉచిత రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో మీటరు మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఆడేలా చూసుకుంటాను. ఎరుపు తగిలిన టేక్‌కి మందు లేదు, మళ్లీ వాయించుకోవడమే.

అసలు మార్పు యూఎస్‌బీ వైరుతో వచ్చింది. ప్రింటర్‌కి వాడే చదరపు మూతి వైరే. నా కీబోర్డులో దాని గుండా ధ్వని రాదు, మిడీ వస్తుంది. 1983లో వచ్చిన పద్ధతి ఇది. ఏ కీ, ఎప్పుడు, ఎంత గట్టిగా నొక్కారు, ఎప్పుడు వదిలారు, అంతే రాసుకుంటుంది. నొక్కిన బలానికి 1 నుంచి 127 వరకు అంకె వేస్తుంది. ఆడాసిటీ మిడీని రికార్డు చేయదు. అందుకే మిడీని కూడా రికార్డు చేసే రీపర్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నాను. 60 రోజులు ఉచితంగా వాడి చూసి, తర్వాత 60 డాలర్ల లైసెన్స్ కొన్నాను.

ఆ డబ్బు ఎలా గిట్టిందో చెబుతాను. డి స్కేల్‌లో ట్రాక్ పంపిన గంటకి లీడ్ పాడే అక్క ఫోన్: "తమ్ముడూ, పైన అందట్లేదు, కాస్త దించవా?" పాత రోజుల్లో అయితే మళ్లీ మొదటి నుంచి వాయించాలి. ఇప్పుడు నోట్లన్నీ సెలెక్ట్ చేసి రెండు సెమిటోన్లు (ఒక కీ నుంచి దాని పక్క కీకి ఉన్న దూరం ఒక సెమిటోన్) కిందికి లాగితే సి స్కేల్ రెడీ. వేలు జారి పక్క కీ తగిలినా మౌస్‌తో సరిచేయొచ్చు. అలాగని టైమింగ్ మొత్తాన్ని క్వాంటైజ్‌తో కొలత గీతల మీదికి లాగేయకండి. నేనోసారి లాగాను, గడియారం వాయించినట్టు ఉంది. ఆ లాగే బలాన్ని 50 శాతం దాటనివ్వను.

మిడీకి లొంగనిది రిథమ్. కీబోర్డులోని తబలా స్టైల్‌ని మిడీగా రికార్డు చేసి కంప్యూటర్ డ్రమ్స్‌తో వినిపిస్తే ఒక దెబ్బ గంటలా, ఇంకో దెబ్బ చప్పట్లలా వచ్చాయి. కీబోర్డు కంపెనీ తన తబలా దెబ్బల్ని ఏ కీల మీద పెట్టిందో కంప్యూటర్‌కి తెలియదు మరి. కాబట్టి రిథమ్‌ని నీలం సాకెట్ దారిలో ఆడియోగా, కుడిచేతి వాయింపుని మిడీగా తీసుకుంటాను.

రెండు వైర్లూ ఒకేసారి తగిలించానా, కొత్త తలనొప్పి. సన్నటి కీచుమనే శబ్దం. మౌస్ కదిపితే అదీ కదిలేది! రెండు వైర్ల గ్రౌండు కలిసి చక్రంలా తిరగడమే కారణం. కార్ స్టీరియోలు బిగించే షాపులో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అని అగ్గిపెట్టంత డబ్బా దొరుకుతుంది. దాన్ని ఆడియో వైరు మధ్యలో పెట్టాక ఆ పీడ విరగడైంది.

కంప్యూటర్‌లోని పియానో సౌండ్లు వాయించాలంటే ఇంకో చిక్కు, కీ నొక్కాక కాసేపటికి మోగడం. ఏసియో ఫర్ ఆల్ అనే ఉచిత డ్రైవర్ వేసి బఫర్, అంటే కంప్యూటర్ ఒక్కో విడతలో పోగేసుకునే ధ్వని ముక్కల సంఖ్య, 256 పెట్టాను. సెకనుకి 44,100 ముక్కల శాంపిల్ రేటు దగ్గర అది సుమారు 6 మిల్లీసెకన్లు. మిగతావన్నీ కలిసినా నా వేళ్లకి తేడా తెలియట్లేదు.

దండగ ఖర్చు ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే మైకు, వాయిద్యాల ధ్వనిని కంప్యూటర్‌లోకి పంపే విడి డబ్బా. గొంతు రికార్డు చేసేవాళ్లకి తప్పదేమో గానీ, కీబోర్డు ఒక్కదానికీ నీలం సాకెట్ చాలు. నాది కొన్న ఏడాదికే షెల్ఫ్ ఎక్కింది.

కొత్తగా కీబోర్డు కొనేవాళ్లు స్పెసిఫికేషన్లలో యూఎస్‌బీ వరుస చూడండి. యమహా పీఎస్‌ఆర్-ఈ373 లాంటి వాటిలో అదే వైరు గుండా మిడీతో పాటు ఆడియో కూడా వెళ్తుంది. నా పాతది చెడిపోతే అలాంటిదే తెచ్చుకుంటాను. అది మాత్రం చెడిపోయేలా లేదు.